నడుముల్లోతు నీళ్ళు

"నాను దిగను బాబూ," అంటూ సూరమ్మ తొట్టి మెట్టు మీదే కూలబడింది.

యాంగోన్ నగరంలో సంచౌంగ్ పేటలోని తెలుగు చర్చి వెనక, బాప్తిస్మాల కోసం కట్టిన సిమెంటు తొట్టి అది. నీళ్ళు నడుముల్లోతే. పాస్టరు సత్యప్రసాద్ అందులో నిలబడి పావుగంట నుంచి ఆమె వైపు చెయ్యి చాపి ఉంచాడు. ఆమెతోబాటు తెల్లబట్టలు కట్టుకొచ్చిన నలుగురూ ఎప్పుడో మునిగి లేచారు. తల తుడుచుకుని లోపల టీ తాగుతున్నారు కూడా.

అరవయ్యేళ్ళ సూరమ్మకు నీళ్ళంటే ప్రాణభయం. తింజాన్ పండక్కి యాంగోన్ ఊరు ఊరంతా వీధిలో పడి నీళ్ళు చల్లుకుంటుంటే, ఆమె ఆ నాలుగు రోజులూ తలుపు గడియ తియ్యదు. పాతికేళ్ళుగా చర్చికి వస్తోంది. బాప్తిస్మం మాటెత్తితే మాత్రం ఒకసారి మోకాళ్ళ నొప్పి, ఒకసారి జలుబు.

"నెత్తి మీద సెంబుడు నీల్లు పోసియ్ బాబూ. సాలదేటి?"

"మన సంఘంలో ముంచడమే కదమ్మా."

"నీల్లలో పడ్డోల్ని పైకి లాగడానికి మనుసులుంటారు గానీ, ముంచడానికీ ఉంటారేటి?"

వెనకాల తువ్వాలు పట్టుకు నిలబడ్డ రాధాకుమారి కిసుక్కున నవ్వింది. "నానున్నాను కదా పిన్నీ. ములిగిపోతే లాగుతాన్లే."

పాస్టరు నవ్వలేదు. "పోయిన ఆదివారం నా దగ్గరకొచ్చి ఏడ్చింది మీరేనా అమ్మా? నమ్మినోళ్ళ ఇంటిని కూడా రక్షిస్తానని దేవుడు మాటిచ్చాడు కదా, మా ఆయన ఇంకా ఈ గుమ్మం తొక్కడేటి అని అడిగారు. నేనేం చెప్పాను?"

సూరమ్మ తల వంచుకుంది. "దేవుడిచ్చిన మాట అడుగుతున్నావు, ఆయన సెప్పిన మాట ఇనవేటి అన్నావు."

ఆ ఒక్క ముక్కే ఆమె చేత ఇవాళ తెల్లచీర కట్టించింది. ఆమె మొగుడు దాసు ప్రతి ఆదివారం ఆమెను గేటు దాకా దిగబెడతాడు. "నువ్వెల్లు, నానిక్కడే ఉంటాను," అని ఎదురుగా ఉన్న టీ కొట్లో కూర్చుంటాడు. ఆయన కోసం ఆమె చెయ్యని ప్రార్థన లేదు, ఉండని ఉపవాసం లేదు.

సూరమ్మ లేచింది. ఒక మెట్టు దిగింది. చల్లటి నీళ్ళు పాదాలకు తగలగానే ఒళ్ళంతా జలదరించింది. రాధాకుమారి భుజం పట్టుకుని ఇంకో మెట్టు, ఆ తర్వాత ఇంకోటి. మోకాళ్ళు, తొడలు, నడుము. కళ్ళు గట్టిగా మూసుకుంది. చెంపలకు రాసుకున్న తనకా చెక్క గంధం మీద కన్నీళ్ళు చారలు కట్టాయి.

"మా మావ రావాల. అందుకే దిగుతున్నాను బాబూ," అంది వణుకుతూ.

"ఆయన రాకపోతే?" అన్నాడు పాస్టరు మెల్లగా.

సూరమ్మ కళ్ళు తెరిచింది. ఆ ప్రశ్న ఆమె ఎన్నడూ వేసుకోలేదు. ఇంత భయపడి దిగినా మావ ఆ టీ కొట్లోనే కూర్చుండిపోతే? వెనక్కి తిరిగి మెట్లకేసి చూసింది. మూడంటే మూడే మెట్లు. ఎక్కి వెళ్ళిపోవచ్చు.

మళ్ళీ పాస్టరు వైపు తిరిగింది.

"రాకపోయినా దిగాల కద బాబూ. దేవుడు రమ్మన్నాడు, నానొచ్చినాను. మావ సంగతి ఆయన సూసుకుంటాడు. ముంచియ్."

ఒక్క క్షణం. ఒక్క మునక.

దగ్గుతూ పైకి లేచింది సూరమ్మ. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. ముక్కు ఎగబీల్చింది, అటూ ఇటూ చూసింది, తర్వాత చిన్నపిల్లలా నవ్వింది.

"ఇంతేనేటి?"

"ఇంతేనమ్మా."

"దీనికా పాతికేల్లు బయపడ్డాను? ఇంకోపాలి ముంచు బాబూ, ఈపాలి బాగా మునుగుతాను."

"ఒక్కసారేనమ్మా బాప్తిస్మం," అన్నాడు పాస్టరు, ఈసారి నవ్వాపుకోలేక.

మెట్లెక్కుతూ తలెత్తిన సూరమ్మ అక్కడే ఆగిపోయింది. చర్చి వెనక గుమ్మంలో దాసు. ఎప్పుడొచ్చాడో, లుంగీ చెంగుతో కళ్ళొత్తుకుంటున్నాడు.

"మావా," అంది సంబరంగా, "సూసినావా? నడుముల్లోతే. నీకూ బయమొద్దు. పాస్టరుగారు నీల్లలోనే ఉన్నారు, రా, దిగు."

దాసు పాస్టరు వైపు చూశాడు. పాస్టరు తన చొక్కా చేతులు పిండుకోవడంలో మునిగిపోయాడు.

"నాదైపోనాది సూరమ్మా," అన్నాడు దాసు బుర్ర గోక్కుంటూ. "పోయినేడే. మింగళాడోన్‌లో మా ఫ్యాక్టరీ పక్కన ప్రార్దనింట్లో, ఈ బాబు సేతుల మీదే."

సూరమ్మ చీర కొంగు నుంచి నీళ్ళు టపటపా రాలుతున్నాయి.

"ఏడాది బట్టి నాకు సెప్పలేదేటి మావా?"

దాసు తువ్వాలు అందుకుని ఆమె తల మీద కప్పాడు.

"సెప్పీసుంటే, అడిగింది దొరికిపోనాదని నువ్వీ జన్మలో నీల్లలో దిగుదువా?"