నవ్వితే చెల్లని కూపను

ప్రసూన దోసె తిరగేస్తుండగా వంటింటి గోడ శుభవార్త చెప్పింది. ఆమె పుచ్చుపన్నుకు ప్రభుత్వ కూపను మంజూరైంది. ఏ ప్రైవేటు దంతవైద్యుడి దగ్గరైనా రేపు సాయంత్రం దాకా చెల్లుతుంది. పెళ్లయిన నెలన్నరకే ఇంత అదృష్టమా అని ఆమె దవడ పట్టుకునే గంతులేసింది.

భర్త సుధీర్ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడి కుర్చీ ఆమె ముఖం చూసి నొప్పి కొలిచింది. "మూడు. ఏడు దాటితేనే కూపను చెల్లును."

"నవ్వు ఆపమ్మా," అంది డాక్టరమ్మ. "డబ్బు కట్టేవాళ్లు నవ్వుతూ చూపించుకోవచ్చు. కూపనువాళ్లు మాత్రం ఏడవాల్సిందే."

"నిజంగానే సలిపేస్తోందండీ, మెతుకు నమల్లేకపోతున్నా! ఈయన పక్కనుంటే నవ్వొచ్చేస్తోంది, ఏం చెయ్యను?"

సుధీర్ సాయం చేయబోయాడు. "నీ సాంబారు అసలు బాగుండదే."

"అబద్ధాలు! నిన్న మూడుసార్లు పోయించుకున్నారు!" అని ఆమె పకపకా నవ్వింది. కుర్చీ రెండుకు దిగింది.

అప్పుడు ఆమెకు ఎదుటి గోడమీది క్యాలెండరు కనిపించింది. నవ్వు ఆగిపోయింది. "ఐదు," అంది కుర్చీ ఆశగా.

"రేపట్నించి ఆషాఢం, డాక్టరుగారూ. మా నాన్న వచ్చి పుట్టింటికి తీసుకెళ్లిపోతారు. నెల్లాళ్లు ఈయన మొహం చూడకూడదు. రేపు బస్సెక్కేముందు ఇటే వస్తాం, పట్టకారు సిద్ధంగా పెట్టుకోండి."