కాళ్ల తిమ్మిరి వార్త

చెంగల్వ అనే నీటిపిట్టకు ఇద్దరు మొగుళ్లు. తామరాకుల మీద నడిచే ఆ జాతిలో గుడ్లు పెట్టడం ఆడదాని పని, పొదగడం మగవాళ్ల పని. ముగ్గురూ ముందే మాట్లాడుకుని, ఒకే కొలనులో రెండు గూళ్లు కట్టుకుని హాయిగా కాపురం చేస్తున్నారు.

రోజూ పొద్దున్నే తుమ్మచెట్టెక్కి కొలనంతటికీ వార్తలు చెప్పే గోరింకకు ఈ సంగతి తెలిసింది. వచ్చి పెద్ద మొగుడి గూటి దగ్గర వాలింది.

"మీ ఇద్దరిలో బాధపడేదెవరు?" అని అడిగింది.

"బాధేముంది? అందరం బాగానే ఉన్నాం."

"నా దగ్గర దాచకు. ఏ బాధా లేదా?"

అతను కాస్త ఆలోచించాడు. "కూర్చుని కూర్చుని కాళ్లు తిమ్మిరెక్కాయి. అదే బాధ."

మర్నాడు తుమ్మచెట్టు మీద గోరింక గొంతు చించుకుంది. "ఇద్దరు మొగుళ్ల కాపురం. బాధతో కుమిలిపోతున్న పెద్ద మొగుడు."

ఓదార్చాలని, కాస్త ఏడుపు కూడా చూడాలని కొలనంతా తరలివచ్చింది. తీరా చూస్తే గూటి పక్కన నాలుగు పిల్లలు తామరాకు మీద తప్పటడుగులు వేస్తున్నాయి. తండ్రి కాళ్లు విదిలించుకుంటూ నిలబడ్డాడు.

"బాధ ఎలా ఉంది నాయనా?" అంది తాబేలు.

"పిల్లలు బయటికొచ్చాక లేచి నాలుగడుగులు వేశాను, పోయింది."

తాబేలు గోరింక వైపు తిరిగింది. "ఇది కూడా చెప్పమ్మా."

"ఇందులో వార్తేముంది?" అని గోరింక ఎగిరిపోయింది.

అవతలి గూట్లోంచి చిన్న మొగుడు కేకేశాడు. "అన్నా, నాకు ఇప్పుడే మొదలైంది తిమ్మిరి."

చెంగల్వతో సహా కొలనంతా నవ్వింది. ఆ నవ్వు మాత్రం వార్తల్లోకి రాలేదు.