నాలుగోసారి ఊడిన కార్డు

“నువ్వు ముట్టుకుంటే చాలు, తగలడిపోతుందక్కా! నెలలో ఇది నాలుగోసారి. షాపు మూసుకుని మీ ఇంట్లోనే కూర్చోనా?” అని అరుస్తూ కంప్యూటర్ పక్క మూత విప్పాను.

ర్యామ్ కార్డు మళ్లీ ఊడి ఉంది. అది లేకపోతే తెర వెలగదు. పదకొండింటికి అక్కకి ఆన్‌లైన్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూ. పోయిన మూడుసార్లూ సరిగ్గా ఇంటర్వ్యూ రోజే మొరాయించింది.

“అదేం చెయ్యో నీది!” అంటూ కార్డు చేతిలోకి తీసుకుని ఆగిపోయాను. అటూ ఇటూ దాన్ని పట్టి ఉంచే క్లిప్పులు రెండూ తెరిచి ఉన్నాయి. వేలితో నొక్కితే తప్ప అవి తెరుచుకోవు. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే.

“బావేనా?” ఒళ్లు మండిపోయింది. “ఇప్పుడే ఆఫీసుకెళ్లి కాలర్ పట్టుకుంటాను.”

“కూర్చో. నాకు రెండోసారే తెలిసింది,” అంది అక్క పళ్లు బిగించి. “నిన్ను పిలిచింది బాగుచేయించుకోడానికి కాదురా, ఎలా పెడతావో చూసి నేర్చుకోడానికి. ఇటివ్వు ఆ కార్డు.”

ఒక్క నొక్కుకి క్లిప్పులు రెండూ టక్కుమన్నాయి.

“ఇక నువ్వెళ్లు,” అంది. “స్క్రూడ్రైవర్ మాత్రం ఇక్కడే ఉంచు.”