హ్యాండిల్ కనిపించని తలుపు

రాజమండ్రి బట్టల వ్యాపారి వినయ్ తన కొత్త స్పోర్ట్స్ కారును రావులపాలెంలో టీ కొట్టు ముందు ఆపి దిగగానే, అరటి మరకల చొక్కాతో ఉన్న ఒక పెద్దాయన దాని చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

అందరిలా ఆయన ధర అడగలేదు. తలుపును అరచేత్తో తడుముతున్నాడు.

వినయ్‌కి అనుమానం వచ్చింది. “ఏంటండి చూస్తున్నారు?”

“దీనికి హ్యాండిల్ లేదేంటండి?”

“అదేనండి దీని అందం. గాలికి అడ్డు తగలకుండా లోపలికి దాచారు. తాళం దగ్గరికొస్తే దానంతటదే బయటికొస్తుంది.”

“తలుపుకి అందమెందుకండి? తెరుచుకుంటే చాలదా?”

“మూడొందల స్పీడులో వెళ్లే కారండి ఇది. ట్రాక్టరు కాదు.”

పెద్దాయన నొచ్చుకోలేదు. “మరి బ్యాటరీ పోతే, తాళం లేకుండా బయట నుంచి ఎలా తీయాలండి?”

దొంగే, సందేహం లేదనుకున్నాడు వినయ్. తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. “అది మీకెందుకు? అసలు మీరెవరు?”

“నా పేరు బుల్లబ్బాయండి. కాలవ గట్టున అరటి తోట. పోయిన నెల ఇలాంటి కారే మా కాలవలో పడింది. నేనూ కూలీలూ దూకి, నీళ్లలో తలుపంతా తడిమాం. పట్టుకుని లాగడానికి ఏమీ దొరకలేదు. లోపల ఆయన అద్దం బాదుతూనే ఉన్నాడండి. గునపం తెచ్చి పగలగొట్టేసరికి ఆ చప్పుడు ఆగిపోయింది.”

బుల్లబ్బాయి తలుపు వైపు చూపించాడు. “ఇంకెవరైనా పడితే, మాకు తెలిసుండాలి కదండి.”

వినయ్ తలుపుకి అడ్డు తప్పుకున్నాడు. బయట నుంచి ఎలా తీయాలో అతనికీ తెలియదు.