నూనె కారని షికారు

ముందు గదిలో పాత దుప్పటి పరిచి, దాని మీద బండి ముందు చక్రాన్ని పడుకోబెట్టి, స్పీడు రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడ్డాడు. విప్పడం వరకు బ్రహ్మాండంగా జరిగింది.

"విప్పారు సరే. బిగించడం వచ్చా?" గుమ్మంలోంచి అడిగింది భార్య.

"వీడియో చూశానోయ్."

"పోయిన నెల వంట వీడియో కూడా చూశారు."

వీధిలో అందరూ అతన్ని స్పీడు అనే పిలుస్తారు. కారణం ఆ బండే. అతనికన్నా ఓ పదేళ్లు చిన్నది, అంతే. ఇన్నేళ్లలో ఒక్కసారీ పంక్చర్ కాలేదు. స్పీడుకి లైసెన్సు లేకపోయినా ఒక్క పోలీసూ ఆపిన పాపాన పోలేదు. పెట్రోలు రేటు పెరిగిందని వీధంతా గోలపెడుతుంటే అతను మాత్రం మీసాల్లో నవ్వుకుంటాడు.

ఊళ్లో కొత్తగా పెళ్లయిన జంటల్లో సగం మంది ఆ బండి ఎక్కినవాళ్లే. ఎవరడిగినా స్పీడు కాదనడు. ఎక్కనిదల్లా అతని భార్యే. ఎవరెక్కినా ఎదురుగా నిలబడి, చేతిలో ఏదో ఒకటి పట్టుకుని చూడటమే ఆమె వంతు. "మనమెప్పుడండీ?" అని ఇరవై ఏళ్లుగా అడుగుతూనే ఉంది.

పోయిన పెళ్లిరోజుకి ఎట్టకేలకు ఎక్కించాడు. ఇద్దరూ కూర్చోగానే ముందు ఫోర్క్, అదే చక్రానికి అటూ ఇటూ ఉండే రెండు గొట్టాలు, కిందికి కుంగింది. నూనెని ఆపే రబ్బరు సీళ్లు అరిగిపోయి, వాటిలోంచి నూనె జారి, చక్రం మీదుగా నేలంతా పారింది. కంగారుగా దిగిన ఆమె నీలం పట్టుచీర కుచ్చిళ్లు సరిగ్గా అందులోనే పడ్డాయి.

ఇవాళ మళ్లీ పెళ్లిరోజు.

"ఈసారి చుక్క కారిందా, ఇక జన్మలో ఎక్కను. బతిమాలొద్దు కూడా," అని పొద్దున్నే తేల్చి చెప్పింది. ఆ గొంతులో కోపంకన్నా ఆశే ఎక్కువ. అది తెలిసే స్పీడుకి చెమటలు పడుతున్నాయి.

అంత పాత మోడలుకి సీళ్లు దొరకడమే గగనమైంది. సామాన్ల కొట్టాయన అటక మీద డబ్బాలన్నీ దులిపి, "ఎన్ని కిలోమీటర్లు తిరిగితే ఇలా అరిగాయండీ?" అని అడిగాడు.

"తిరిగి కాదండీ, మనుషుల బరువుకి," అని స్పీడు గబగబా వచ్చేశాడు.

ఇప్పుడు అత్తగారు స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది.

"ఈ గొట్టాల్లో నూనె ఎందుకండీ అల్లుడుగారూ?"

"గుంతల్లో పడితే నడుం విరక్కుండా అత్తయ్యా."

"అయితే మిగిలింది నా మోకాళ్లలో పోయండి."

సీలు జారిపోకుండా పైన ఓ ఉక్కు రింగు ఉంది. స్క్రూడ్రైవర్‌తో లేపగానే అది టింగుమని ఎగిరింది. ముగ్గురూ సోఫా కిందా, బీరువా కిందా దేవులాడారు. చివరికి అత్తగారి కొప్పులో దొరికింది.

"ఇన్నాళ్లకి అల్లుడుగారు నాకో నగ పెట్టారే," అని ఆవిడ కూతురికి చూపించి మురిసిపోయింది.

కొత్త సీలు అంచు తెగకుండా గొట్టం చివర ప్లాస్టిక్ కవరు చుట్టి, నూనె రాసి, మెల్లగా తొడిగాడు స్పీడు. దాని మీద పాత సీలు ఆనించి, ప్లంబర్ వదిలేసి పోయిన పైపు ముక్కతో చుట్టూ సమంగా తట్టాడు. వంకరగా దిగితే కొత్త సీలు కాస్తా బూడిదలో పోసిన పన్నీరే. ఊపిరి బిగబట్టి తట్టాడు. చప్పుడు మారింది. సీలు కూర్చుంది.

రెండో గొట్టం కూడా అయ్యాక, రెంటిలోనూ నూనె సమానంగా పోయాలి. కొలవడానికి అత్తగారి దగ్గుమందు మూత తెచ్చారు.

"ఇది ఎన్నో మూత?" అడిగాడు స్పీడు.

"మీరు లెక్కపెడుతున్నారనుకున్నా," అంది భార్య.

"నేను అత్తయ్యని నమ్ముకున్నా."

"నేను నవ్వాపుకుంటున్నా బాబూ," అంది అత్తగారు.

ఇక ముగ్గురికీ నవ్వు ఆగలేదు. పోసిందంతా ఒంపేసి మళ్లీ మొదటినుంచీ పోశారు.

చక్రం ఎక్కింది. స్పీడు హ్యాండిల్ పట్టుకుని బలమంతా పెట్టి నొక్కాడు. మళ్లీ మళ్లీ నొక్కాడు. అత్తగారు గొట్టం మీద వేలు రాసి, వెలుతురులో పెట్టి చూసింది. వేలు పొడిగా ఉంది.

భార్య లోపలికెళ్లి ఆ నీలం పట్టుచీరే కట్టుకొచ్చింది, పాత మరక లోపలికి పోయేలా కుచ్చిళ్లు మడిచి.

"కొంగు జాగ్రత్తే, గాలికి ఎగిరిపోతుంది," అని చెప్పి అత్తగారు అక్కడే ఉండిపోయింది.

స్పీడు నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఆమె వెనక కూర్చుంది. ఫోర్క్ మెత్తగా కుంగి, మెత్తగా లేచింది. ఇద్దరూ ఒకేసారి కిందికి వంగి చూశారు. చుక్క లేదు.

"పదండి," అంది, అతని నడుం చుట్టూ చేతులు వేసి.

రివ్వుమని గాలి. వెనక మంచు కొండలు. కొంగు జెండాలా రెపరెపలాడింది. "ఇంకా," అని అరిచింది ఆమె. గాలి పెరిగింది. కొండలకీ సముద్రానికీ మధ్య కాస్త ఆలస్యమైంది గానీ, సముద్రం రానే వచ్చింది. ఉన్నట్టుండి మొహాన చినుకులు పడ్డాయి. ఆమె చిన్నపిల్లలా కేరింతలు కొట్టి, అతని వీపు వెనక మొహం దాచుకుంది. సంతోషంతో స్పీడుకి కళ్లద్దాల వెనక కళ్లు చెమర్చాయి.

"నన్ను ఎక్కించుకోడానికి ఇరవై ఏళ్లు పట్టింది మీకు," అంది.

"ట్రాఫిక్ ఎక్కువోయ్," అన్నాడు స్పీడు.

అలా ఎంతసేపు ఉండేవారో గానీ, బయట కొత్త జంటెవరో తలుపు తట్టడంతో అత్తగారు నీళ్ల చెంబు కింద పెట్టి, పెద్ద ఫ్యాను ఆపి, సముద్రం తెరను పైకి చుట్టేసి, ఇంజనే లేని ఆ బండి దిగమని ఇద్దరికీ సైగ చేసి, ఫొటో స్టూడియో తలుపు తీసింది.