యాభై ఆరో సంవత్సరం సెట్టు

హార్లన్ చిన్నప్పుడు పోగేసిన బేస్‌బాల్ ఆటగాళ్ల కార్డులన్నిటినీ చెత్తలో పారేసింది తన భార్య వెర్నాయేనని అతని నమ్మకం. ఆమె పోయి రెండేళ్లయినా ఆ నేరానికి మాఫీ లేదు.

మళ్లీ మొదటినుంచి పోగుచేద్దామని మరదలు లొరేన్‌ను వెంటబెట్టుకుని పాత కార్డుల కొట్టుకు వచ్చాడు.

"ఏ ఏడాది సెట్టుతో మొదలెడతారు?" అన్నాడు కొట్టు యజమాని గస్.

"పంతొమ్మిది వందల యాభై ఆరు. ఈవిడ అక్కగారు పారేసిందే."

గస్ రెండు పెట్టెలు తెచ్చాడు. ఒకదాంట్లో కార్డులు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. రెండోదాంట్లోవి వంగిపోయి, అంచులు పీచు లేచి ఉన్నాయి.

"వీటినేమన్నా కుక్క నమిలిందా?" అన్నాడు హార్లన్.

"సైకిల్ కార్డులండీ. కుర్రాళ్లు బట్టల క్లిప్పుతో చక్రం పక్కన కడ్డీకి తగిలించేవాళ్లు. తొక్కుతుంటే చువ్వలకు కొట్టుకుని మోటారులా మోగేవి."

లొరేన్ పకపకా నవ్వింది. "బావా! మా వీధిలో రోజూ ఆ మోత మోగించిందెవరు? చిరిగిన కార్డులు మా మెట్ల ముందే రాలిపడేవి. ఊడ్చలేక చచ్చేవాళ్లం. పెళ్లయ్యాక అక్క పారేసింది నువ్వు కార్డులు దాచుకున్న బూట్ల డబ్బా, అదీ ఖాళీది!"

హార్లన్ వంగిన కార్డొకటి చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "ఆ మోత మీ అక్కకి వినపడేదా?"

"వినపడకేం? నువ్వొచ్చే వేళకి దువ్వెన పట్టుకుని కిటికీ పక్కనే నక్కేది."

"గస్, ఆ వంగినవి కట్టు."

"అవి పాడైపోయినవండీ."

"కట్టమన్నానా!"

"మరి అక్క చేసిన నేరం సంగతేంటి బావా?" అంది లొరేన్.

"ఆ మాట ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు," అన్నాడు హార్లన్.