పెద్ద చెవి

అక్టోబరు పదకొండో తేదీ. షుయ్‌లాయ్‌కి బాగా గుర్తు. గుమ్మడికాయ కలిపిన బియ్యపు సేమ్యా తింటున్నాడు. సగం గిన్నె అయ్యేసరికి ఈశాన్యపు గాలి ద్వీపం మీద విరుచుకుపడింది. పైకప్పు మీద ఏదో ఠంగుమంది. మిగతా సగం అలాగే ఉండిపోయింది.

ఐదు రోజుల తర్వాత, పెద్ద ద్వీపం నుంచి పొద్దున్న పడవలో వచ్చిన మెకానిక్ చియావెన్ నిచ్చెనెక్కి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏంటి బాబాయ్, మీ పెద్ద చెవి నీళ్ల ట్యాంకుని కావలించుకుంది?"

డిష్‌ను అక్కడ అందరూ చెవి అనే అంటారు. షుయ్‌లాయ్ ఇంటి మీదిది ఆరడుగుల చెవి. ఇంట్లో పెట్టె మీద నంబరు బొత్తాం నొక్కితే మోటారు దాన్ని తూర్పు నుంచి పడమరకు, ఆ నంబరు ఉపగ్రహం వైపు తిప్పుతుంది. గాలికి స్తంభం మెలిపడటంతో ఇప్పుడు సగం తిరిగి ట్యాంకుకు తగిలి ఆగిపోతోంది. ఎనిమిదో నంబరు దాకా పోవడం లేదు.

ఎనిమిది అతని భార్య ఫుయ్‌లాన్ నంబరు. ఎక్కడో బోర్నియో నుంచి ఈ గాలి ఊరికి కోడలిగా వచ్చిన మనిషి. రోజూ ఏడింటికి వంట దించి, ఎనిమిది నొక్కి, తన దేశపు పాటలు పెట్టుకునేది. రేవులో వల కడుక్కుంటున్న షుయ్‌లాయ్‌కి ఆ మోటారు మూలుగు వినిపించేది. బకెట్ అందుకుని ఇంటికి బయల్దేరేవాడు.

ఆమె పోయి రెండేళ్లయింది. ఏడింటికి ఎనిమిది నొక్కడం మాత్రం అతను మానలేదు. ఈ ఐదు రోజులూ ఏడు దాటాక ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో అతనికి తెలియలేదు.

"దీన్నెవరో కెలికారు," అంది చియావెన్.

"నేనే. పడవ దిక్సూచి పెట్టి సరిచేశా. నలభై ఏళ్లు నన్ను ఇంటికి చేర్చింది అది."

"అది చూపించే దక్షిణం వేరు, అసలు దక్షిణం వేరు. నాలుగు డిగ్రీలు తేడా. పడవకి తప్పితే పక్క రేవు తగుల్తుంది బాబాయ్. చెవికి తప్పితే ఆకాశమే తగలదు."

పదకొండు నలభై ఎనిమిదికి స్తంభం నీడ రోజంతటిలోకీ పొట్టిదై, అసలు ఉత్తర దక్షిణాల మీద పడింది. ఆ నీడ వెంట సుద్దగీత గీసి, బోల్టులు వదులుచేసి, చెవిని గీతకు తిప్పి బిగించింది.

"సాయంత్రం ఏడింటికి ఎనిమిది దాకా తిరుగుతుందా అమ్మాయ్?"

"తిరుగుతుంది. ఎనిమిదిలో వచ్చేవి పరదేశపు పాటలే కదా, మీకర్థమవుతాయా?"

"ఒక్క ముక్క కాదు."

"మరి?"

"అలవాటు."

చియావెన్ మోటారును ఓసారి తిప్పి చూసింది. "ఈ మోటారేంటి, ముసలి పందిలా మూలుగుతోంది! కొత్తది తెచ్చాను, వేసేస్తా. పిల్లి నడిచినంత చప్పుడు కూడా ఉండదు."

"వద్దు."

"పోనీ, కాస్త గ్రీజైనా..."

"ముట్టుకోకు!"

తన గొంతుకు తనే ఉలిక్కిపడ్డాడు. "ఉన్నది చాల్లే తల్లీ," అని సర్దుకున్నాడు.

"పిసినారి బాబాయ్! సరే, లోపలికెళ్లి ఎనిమిది నొక్కండి."

నొక్కాడు. నెత్తిమీద మోటారు ఈ చివర నుంచి ఆ చివరకు మూలిగింది.

"బొమ్మ వచ్చిందా?" అని పైనుంచి కేక.

షుయ్‌లాయ్ పైకప్పు వైపు చూశాడు. "వచ్చింది! చక్కగా ఉంది!"

"నా మీటరులో అంత బాగా లేదే. ఇంకొంచెం సర్దనా?"

"వద్దొద్దు. ఇది చాలు."

"అందరూ మీలా ఉంటే నా పని ఎంత హాయి!"

ఒంటిగంట పడవ తప్పిపోతుందని ఆమె బూట్లు కూడా విప్పలేదు. వాకిట్లోనే టీ తాగింది. వద్దంటున్నా అతను ఆమె సంచిలో వేరుశెనగ అచ్చుల పొట్లం కుక్కాడు.

ఏడింటికి షుయ్‌లాయ్ ఎనిమిది నొక్కి, వచ్చి బయట మెట్టు మీద కూర్చున్నాడు. రేవు మీద దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. పైన మోటారు మొదలైంది. మూలిగి, గీరుకుని, ఓ చోట దమ్ము తీసుకుని, మళ్లీ కదిలి, పడమటి కొసన టక్కున ఆగింది.

అతను లేచాడు. కాళ్లు కడుక్కుని, చెప్పులు గోడవారగా పెట్టి లోపలికొచ్చాడు. చప్పుడు కాకుండా తలుపు మూశాడు.

ఆమె పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో టీవీ లేదు.